నటీమణి శ్రీమతి పసుపులేటి కన్నాంబ

లోకమునందు కీర్తి పలుతెఱంగులు. రాజ్యములేలినవారి కీర్తి శాసనములందు నిలుచును. కావ్యములు రచించినవారి కీర్తి గ్రంథములందు నిలుచును. నటుల కీర్తి మాత్రము పూర్వకాలమున తెర దిగినతోడనే సగము మాసిపోయెడిది. చూచినవారు జీవించియున్నంతకాలము వారి నోట మెలగి, వారితోడనే అంతరించెడిది. చలనచిత్రము పుట్టిన పిదప నటుల రూపమును, కంఠమును కొంతకాలము నిలుపుకొను భాగ్యము మనకు గలిగినది. ఐనను ఆ చిత్రములును జీర్ణించుచున్నవి. వానిని తొలుత చూచినవారును తఱిగిపోయిరి. కావున ఉత్తమనటుల చరిత్రమును పెద్దలు పిన్నలకు చెప్పుట యుక్తమని తలంచి, శ్రీమతి పసుపులేటి కన్నాంబగారి జీవితమును ఈ వార్షికసంచికయందు సంగ్రహముగా వ్రాయ బూనితిమి. ఆమె గతించి 60 సంవత్సరములు దాటినది. ఆమె పేరు వినని తెలుగుపిన్నలు నేడు పెక్కుండ్రు గలరు. అది వారి దోషము కాదు. చెప్పవలసియు చెప్పని మావంటివారి దోషము.

మేము నాటకవిద్యను వృత్తిగా నెఱిగినవారము కాము. సంస్కృతాంధ్రములు చదివి, చిరకాలము పాఠశాలలో బాలబాలికలకు పద్యములు చెప్పి, విశ్రాంతి గొన్నవారము. కావున పద్యము చదువువాని దృష్టితోనే కన్నాంబ నటనమును పరిశీలింతుము. భరతముని అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగుగా విభజించెను. కన్నాంబయందు ఈ నాలుగును గలవు. అందు వాచికము తలమానికము. ఆమె ధరించిన పాత్రలను వరుసగా నిలిపి చూచినచో మఱియొక విశేషమును గోచరించును. ఆ కాలపు నాటకములందు స్త్రీపాత్రకు దుఃఖించుటయే ప్రధానకార్యము. కన్నాంబయు దుఃఖముతోనే ప్రారంభించెను. కాని సంవత్సరములు గడచినకొలది ఆ దుఃఖము ప్రశ్నగా మాఱినది. నిండుసభలో నిలిచి న్యాయమడుగు స్త్రీకి ఆమె తన కంఠమిచ్చెను. ఆమె నటజీవితసారమిదియే యని మా అభిప్రాయము.

కన్నాంబ 1911వ సంవత్సరమున కడపలో జన్మించెను. బాల్యమున మాతామహుల యింట ఏలూరులో పెరిగెను. ఆనాటి ఆంధ్రదేశమున పద్యనాటకము ప్రజల ప్రాణము. బండ్లు కట్టుకొని వచ్చి, తెల్లవాఱువఱకు కూర్చుండి, నచ్చిన పద్యమును మరల మరల చదివించుకొను ప్రేక్షకులు గల కాలమది. కాని స్త్రీపాత్రలను చాలచోట్ల పురుషులే ధరించెడివారు. స్థానం నరసింహారావుగారు స్త్రీవేషధారణమున దేశవిఖ్యాతి గాంచుచుండిరి. 1885లో ఆరంభమైన సురభిసమాజములందు తొలినుండియు స్త్రీలే స్త్రీపాత్రలను ధరించుచున్నను, తక్కిన సమాజములందు ఆ పద్ధతి మెల్లమెల్లగా వచ్చినది. రంగస్థలమెక్కిన స్త్రీకి చప్పట్లు లభించెడివి గాని మర్యాద లభించుట దుర్లభము. చంద్రమతి కష్టములకు కన్నీరు కార్చిన గృహిణులు, ఆ చంద్రమతి వేషము ధరించిన స్త్రీని తమ గడప త్రొక్కనిచ్చెడివారు కారు. ఇట్టి కాలమున కన్నాంబ చిన్నవయస్సులోనే రంగస్థలమెక్కి, కేవలము కంఠబలముచే నిలద్రొక్కుకొనెను.

కంఠబలమనగా బిగ్గఱగా నఱచుట కాదు. నాడు ధ్వనివర్ధకయంత్రములు పల్లెలకు రాలేదు. వేలకొలది జనులలో కడపటి వరుసలో కూర్చున్నవానికిని ప్రతి యక్షరము వినబడవలెను, రాగము తప్పరాదు, పదము విఱుగరాదు, అర్థము చెడరాదు. ఈ నాలుగును ఒక్కసారి సాధించుట ఎంత కఱకైన విద్యయో పద్యము చదువ యత్నించినవారే ఎఱుగుదురు. ఆ విద్యను కన్నాంబ రంగస్థలముననే గడించెను. తరువాత ఆమెకు వచ్చిన కీర్తి యంతయు ఆ మూలధనమునకు వడ్డీ వంటిది.

1932లో భక్తప్రహ్లాద చిత్రముతో తెలుగు తెర మాటలాడ నేర్చినది. తొలి టాకీలు చాలవఱకు రంగస్థలనాటకములకు ప్రతిబింబములే. నేపథ్యగానపద్ధతి యింకను ఏర్పడలేదు. తన పద్యమును, తన పాటను నటుడే పాడుకొనవలెను. కావున పద్యము చదువగల నటులకు తెర తనంతట తానే తలుపు తెఱచినది. 1935లో వచ్చిన హరిశ్చంద్ర చిత్రమున కన్నాంబ చంద్రమతి పాత్రతో తెరపై ప్రవేశించెను. అద్దంకి శ్రీరామమూర్తిగారు హరిశ్చంద్రుడు. చంద్రమతి యనగా సహనమునకు పరాకాష్ఠ. భర్త అమ్మినను మాఱుపలుకదు; కుమారుడు మృతినొందినను ధర్మమును నిందింపదు; శ్మశానమందు కుమారుని కళేబరమును ఒడిలో నిడుకొని విలపించును. ఆ విలాపమే కన్నాంబ కీర్తికి పునాది. ఇక్కడ ఆమె పాత్ర భరించును, అడుగదు.

అడుగుట మరుసటి యేట ఆరంభమయ్యెను. 1936లో ఒకే కథతో రెండు తెలుగు చిత్రములు పోటీగా వచ్చినవి. ఒకటి ద్రౌపదీ మానసంరక్షణము. అందు బళ్ళారి రాఘవాచార్యులవారంతటి మహానటులు దుర్యోధనపాత్ర ధరించిరి. రెండవది ద్రౌపదీ వస్త్రాపహరణము, దర్శకులు హెచ్. వి. బాబుగారు. అందు యడవల్లి సూర్యనారాయణగారు దుర్యోధనుడు, సి. ఎస్. ఆర్. ఆంజనేయులుగారు శ్రీకృష్ణుడు, కన్నాంబ ద్రౌపది. జనులు రెండవదానినే ఆదరించిరి. ఈ జయమునకు కారణములు పెక్కులుండవచ్చును. వానిలో కన్నాంబ ద్రౌపది యొకటి యనుటకు సందేహము లేదు.

సభాపర్వము చదివినవారికి ద్రౌపది కేవలము ఏడ్చిన స్త్రీ కాదని తెలియును. ఆమె సభను ఒక ప్రశ్న యడిగెను. ధర్మరాజు ముందు తన్ను తానోడి పిదప ఆమెను ఒడ్డెనా, లేక ఆమెను ముందుగా ఓడెనా యనునది ఆ ప్రశ్న. తన్నోడినవానికి భార్యను పణముగా నొడ్డు అధికారమెక్కడిదని భావము. భీష్మద్రోణులు సూటిగా సమాధానము చెప్పలేదు. మహాభారతమున ఇంతకుమించిన ధర్మసంకటము లేదు. చంద్రమతి విలాపమును పలికిన కంఠమే సంవత్సరము తిరుగకమునుపు ఈ ప్రశ్నను పలికినది. ఇట్లు ఆమె నటజీవితమునకు మార్గమేర్పడినది.

1937లో కనకతార, సారంగధర చిత్రములు వచ్చినవి. సారంగధరలో ఆమె చిత్రాంగి. సవతికుమారునిపై మోహము గొని, అతడు తిరస్కరింపగా నిందమోపి, అతని కాలుసేతులు నఱికించిన రాణి చిత్రాంగి. చంద్రమతిగా లోకపూజ్యయైన నటి ఇట్టి పాత్రను ధరించుట సాహసమే. మంచిపేరు చెడునని ఆమె వెనుదీయలేదు. నటికి పాత్ర ముఖ్యము, పాత్ర యొక్క పుణ్యపాపములు కావని ఆమె కార్యముచే చూపెను. 1938లో హెచ్. ఎమ్. రెడ్డిగారి గృహలక్ష్మి చిత్రమున, వేశ్యామోహమున పడిన భర్తచే కష్టములపాలైన రాధగా నటించెను. ఆ చిత్రముననే చిత్తూరు నాగయ్యగారు తొలిసారి తెరపై కనబడిరి. పురాణస్త్రీ యొక్క దుఃఖము ఇచ్చట నేటి గృహిణి దుఃఖమైనది. కిరీటములు లేవు, దేవతలు వచ్చి రక్షింపరు. 1940లో చండిక చిత్రమున ఆమె కత్తిపట్టిన వీరనారి. బళ్ళారి రాఘవగారితో గలసి నటించు భాగ్యము ఆమెకు ఈ చిత్రమున లభించెను.

కన్నాంబ భర్త కడారు నాగభూషణముగారు. భార్యాభర్తలిరువురును గలసి మొదట రాజరాజేశ్వరీ నాట్యమండలిని, పిదప శ్రీ రాజరాజేశ్వరీ ఫిలిం కంపెనీని నడపిరి. 1941లో తల్లిప్రేమ చిత్రమును నిర్మించిరి. నాటినుండి రెండు దశాబ్దములకు పైగా తెలుగు తమిళభాషలలో చిత్రములు తీయుచు వచ్చిరి. నాగభూషణముగారు దర్శకులును అయిరి. 1949లో నవజీవనము, 1951లో సౌదామిని, 1954లో సతీ సక్కుబాయి, 1957లో సతీ సావిత్రి మొదలగునవి వారి చేతిమీదుగా వచ్చినవి. వేషము వేసి వేతనము గొని యింటికి పోవుట సులభము. చిత్రనిర్మాణమునకు పూనుకొన్నవారు వందలాది కార్మికుల జీవనభారమును తలకెత్తుకొందురు; ఒక చిత్రము తప్పినచో కూడబెట్టినదెల్ల పోవును. అట్టి భారమును ఒక నటీమణి ఆ దినములలో వహించుట స్మరింపదగినది.

ఆ కాలమున తెలుగుచిత్రములకును తమిళచిత్రములకును చెన్నపట్టణమే నిలయము. ఆ నగరమున నున్న కన్నాంబను తమిళచిత్రసీమ ఆహ్వానించెను. మాతృభాష తెలుగైన నటికి ఇది యొక పరీక్ష. సంగీతమునకు భాషాభేదము లేదు గాని వాచికమునకు గలదు. ఒక్క అక్షరము తొట్రువడినను ప్రేక్షకులు నవ్వుదురు. కన్నాంబ ఆ భాషను శ్రద్ధతో నభ్యసించి, తమిళులే మెచ్చునట్లు స్పష్టముగా పలుక నేర్చెను. 1941లో వచ్చిన అశోక్ కుమార్ చిత్రమున త్యాగరాజ భాగవతారు కుణాలుడుగా, నాగయ్యగారు అశోకచక్రవర్తిగా, కన్నాంబ తిష్యరక్షితగా నటించిరి. తిష్యరక్షిత యనగా చిత్రాంగికి సోదరి వంటి పాత్రయే. సవతికుమారుని కన్నులు తీయించిన రాణి.

మరుసటి సంవత్సరము, 1942లో, జూపిటర్ సంస్థవారి కణ్ణగి వెలువడినది. శిలప్పదికారమను ప్రాచీన తమిళకావ్యమునందలి కథ యిది. కోవలుడు భార్యయైన కణ్ణగి కాలి అందెను అమ్ముటకై మధురానగరమునకు పోయి, రాణి అందెను దొంగిలించెనను అపవాదముతో విచారణ లేకయే వధింపబడును. కణ్ణగి రెండవ అందెను చేతబట్టి పాండ్యరాజు కొలువునకు పోయి, తన భర్త చేసిన నేరమేమని నిలదీయును. రాణి అందెలో నుండునవి ముత్యములు. తన అందెలో నున్నవి మాణిక్యములు. అందెను నేలకు విసరి పగులగొట్టగా మాణిక్యములు వెలికుఱికినవి. తన తీర్పు అన్యాయమని యెఱిగిన రాజు సింహాసనముపైననే ప్రాణములు విడిచెను. పి. యు. చిన్నప్ప కోవలుడు, కన్నాంబ కణ్ణగి, సంభాషణములు ఇళంగోవన్ రచించెను. తమిళచిత్రములందు సంభాషణమునకు గౌరవము తెచ్చిన చిత్రములలో ఇది యొకటి. ఆ గౌరవమున సగము రచయితది, సగము కన్నాంబ కంఠముది.

ద్రౌపదికిని కణ్ణగికిని గల భేదమును పాఠకులు గమనింపవలెను. ద్రౌపది ప్రశ్నకు సభ సమాధానము చెప్పలేదు. భగవంతుడు వచ్చి మానము గాచెను. కణ్ణగి కొలువునకు భగవంతుడు రాలేదు. ఆమె సాక్ష్యమును తన చేతిలోనే తెచ్చుకొనెను. ఆ సాక్ష్యము చూచి రాజు తన నేరమును ఒప్పుకొనవలసి వచ్చెను. ఆర్యావర్తపు రాణిని, తమిళదేశపు వణిజుని భార్యను ఒక తెలుగునటి తన కంఠముచే ఒక్క వంశమువారిని గావించినది.

1947లో వచ్చిన పల్నాటి యుద్ధము మఱల తెలుగునాటి కథ. ఈ చిత్రమును గూడవల్లి రామబ్రహ్మముగారు ఆరంభించి, పూర్తిగాకమునుపే 1946లో స్వర్గస్థులైరి, ఎల్. వి. ప్రసాదుగారు పూర్తిచేసిరి. గోవిందరాజుల సుబ్బారావుగారు బ్రహ్మనాయుడు, అక్కినేని నాగేశ్వరరావుగారు బాలచంద్రుడు, కన్నాంబ నాయకురాలు నాగమ్మ. గురజాల కొలువులో మంత్రిత్వము నెఱపిన స్త్రీ నాగమ్మ. అంతవఱకు సభలో నిలిచి న్యాయమడిగిన నటి, ఈ చిత్రమున సభలో కూర్చుండి రాజ్యము నడపెను. వీరగాథలు నాగమ్మను కుటిలగా నిందించినను, ఆమె బుద్ధిబలమును మాత్రము ఎవ్వరును కాదనజాలరు.

ఇంతలో వయస్సు నలుబది దాటినది. నాయికలకు ఇది కష్టకాలము. పలువురు ఈ దశలో తెరనుండి తొలగుదురు. కొందఱు యౌవనము నటింపబోయి నగుబాటు పాలగుదురు. కన్నాంబ ఆ రెండును చేయక, తల్లి పాత్రలను ధరించెను. మేము ఆమె నటనమును మొదట చూచినది ఈ దశకు చెందిన చిత్రములలోనే. మా బాల్యమున మా గ్రామమునకు వచ్చిన టూరింగు టాకీసు డేరాలో, ఇసుకపై కూర్చుండి చూచితిమి.

1954లో వెలువడిన మనోహర ఈ దశకు శిఖరము. పమ్మళ్ సంబంధ మొదలియారుగారి ప్రసిద్ధనాటకము దీనికి మూలము. కరుణానిధిగారు సంభాషణములు రచింపగా ఎల్. వి. ప్రసాదుగారు దర్శకత్వము వహించిరి. శివాజీ గణేశన్ మనోహరుడు. కన్నాంబ అతని తల్లి పద్మావతీదేవి. రాజు వసంతసేన వలలో జిక్కి పట్టపురాణిని అవమానించును. కుమారుడు కత్తి దూయబోగా, తండ్రికి ఎదురు తిరుగకుండ తల్లి అతనిచే మాట గొనును. కథ యంతయు తల్లి ఓర్పుపై నడచును. నింద వచ్చినను ఓర్చెను. కుమారుని సంకెలలతో కొలువునకు ఈడ్చుకొని వచ్చినను ఓర్చెను. ఓర్పు అధర్మమునకే బలమగుచున్నదని తెలిసిన క్షణమున, ఆమె తాను గొన్న మాటను తానే వాపసు చేసి, సంకెలలు తెంచుకొమ్మని కుమారుని ఆజ్ఞాపించును. ఆ ఘట్టమున ఆమె కంఠము మొదట వణకును. పిదప నిలుకడ గొనును. పిదప ఉప్పెనవలె లేచును. సంకెలలను తెంచినది మనోహరుని భుజబలమా, తల్లి మాటా యని ప్రేక్షకునకు సందేహము గలుగును. చంద్రమతి ఓర్పును, ద్రౌపది రోషమును, కణ్ణగి ధైర్యమును ఆ ఒక్క ఘట్టమున గలసినవి. ఇరువది సంవత్సరముల సాధన అక్కడ పండినది.

తరువాతి పాత్రలు శాంతములు. 1955లో అనార్కలి చిత్రమున భర్తయైన అక్బరునకును కుమారునకును నడుమ నలిగిన జోధాబాయి. 1957లో తోడికోడళ్ళు చిత్రమున ఉమ్మడికుటుంబపు పెద్దకోడలు. 1958లో ఉత్తమపుత్రన్ అను తమిళచిత్రమున రాజమాత. 1962లో భర్త దర్శకత్వము వహించిన దక్షయజ్ఞమునందు దక్షుని భార్య. 1963లో వర్ణచిత్రమై దేశమును ఉఱ్ఱూతలూపిన లవకుశలో కౌసల్య. దక్షయజ్ఞమును తలంచినపుడు మాకొక భావము గలుగును. తండ్రి సభలో నిలిచి న్యాయమడుగునది అందు సతీదేవి. ఆ పాత్ర వేఱొక నటిది. కన్నాంబ తల్లియై చూచుచుండును. తాను అడిగిన ప్రశ్నను తరువాతి తరమువారి నోట విను భాగ్యము ఆ నటీమణికి ఈ విధముగా గలిగినది.

1964వ సంవత్సరము మే నెల 7వ తేదిన కన్నాంబ మదరాసులో దివంగతురాలయ్యెను. అప్పటికి ఆమెకు 52 ఏండ్లు. ఆమె కంఠము నేటికిని ఆ చిత్రములలో వినబడుచునేయున్నది.

ఇంతవఱకు ఆమె చరిత్రము. ఇక మా మాట యొకటి చెప్పుకొని ముగింతుము. ఇది చెప్పకున్న ఈ వ్యాసము వ్రాయుటకు మాకు అర్హత లేదు.

సుమారు 40 ఏండ్ల క్రిందట, మేము ఉపాధ్యాయవృత్తిలో క్రొత్తగా ప్రవేశించిన దినములలో, ఒక పాఠశాల వార్షికోత్సవమునకు సభాపర్వఘట్టమును నాటకముగా వేయింప దలచితిమి. పదవతరగతి చదువుచున్న ఒక బాలిక పద్యమును మిక్కిలి చక్కగా చదివెడిది. ద్రౌపది పాత్రను ఆమెకిచ్చితిమి. పది దినములు అభ్యాసము జరిగినది. అంతట ఊరిపెద్దలు కొందఱు వచ్చి, ఆడుబిడ్డ రంగస్థలమెక్కి జుట్టు విరియబోసికొనుట ఇంటికి గౌరవము కాదనిరి. బాలిక తండ్రి తలవంచెను. మేమును మాఱుపలుకలేదు. ఆ వేషమును ఒక బాలునకిచ్చి నాటకమును నడపితిమి. ఆ బాలిక మమ్ము ఒక్కటే యడిగెను: తన పద్యమునందు తప్పేమైన గలదాయని. లేదని చెప్పితిమి. అంతకుమించి చెప్పలేకపోతిమి. నాటిరాత్రి భీష్మద్రోణుల వేషములు ధరించిన బాలురు రంగస్థలముపై మౌనముగా కూర్చుండగా చూచి, ఆ వరుసలో మాకును ఒక పీఠము గలదని గ్రహించితిమి.

కన్నాంబ చరిత్రమును చదువుచున్నప్పుడెల్ల ఆ బాలిక ప్రశ్నయే మాకు వినబడుచుండును. కన్నాంబకును అడ్డుపడినవారుండి, ఆ కాలపు ఉపాధ్యాయుడెవ్వడో మావలె మౌనము వహించియున్నచో, దక్షిణదేశము ఎంత గొప్ప కంఠమును కోల్పోయియుండెడిదో పాఠకులే ఊహింతురుగాక.

మహాశయులారా, పోషకులారా! ఏటేట మనము సభ తీర్తుము, తీర్మానములు చేయుదుము, విద్యార్థులకు బహుమతులిత్తుము. పద్యపఠనమునకును, సంగీతమునకును, నాటకమునకును వచ్చు బాలికలకు ఒక్క వేతనమైనను ఈ యేటినుండి ఏర్పఱుపుడని మా విన్నపము. వారు వేదికపై నిలిచి పలుకునపుడు పెద్దలు ముందువరుసలో కూర్చుండి వినుడని రెండవ విన్నపము. అడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పునదే సభ. కన్నాంబ తన జీవితమంతయు పలికిన పాత్రల సారమిదియే. ఆ మహానటికి మా నమస్సులు.